మండువా ఇంటి కలపతో గుర్రపుశాల

అమలాపురం దగ్గర పాత మండువా ఇల్లు పడగొడుతుంటే టేకు తలుపులు, స్తంభాలు, పెంకులు బేరమాడి తెచ్చుకున్నాం. వాటితోనే గుర్రానికి శాల కట్టాలని నాన్నగారి కోరిక. అసలు టెన్షన్ రంగుతో వచ్చింది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, గుర్రమేమో కర్ర కొరుకుతుంది. అందుకే తడిపి గీకించాం. పొడిగా రుద్దితే ఆ దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకే. మేకులన్నీ పీకించి, అంచులకు రేకు కొట్టించాం.

పాత ద్వారబంధాలు గుర్రానికి ఇరుకు. కనీసం 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు కావాలి. రెండు తలుపులు కలిపి, పక్కకు పట్టాల మీద జారేలా బిగించాడు మా వడ్రంగి. చెక్కడం పని ఉన్న గడపను మాత్రం వాడలేదు, కాలు తగులుతుంది. అది సామాన్ల గదికి వెళ్లింది.

డెల్టా నేల కదా, చెమ్మ వదలదు. మెరక పోసి, ఇటుకలు పరిచి, బోదె (చిన్న కాలువ) వైపు వాలు ఇచ్చాం. పైన కొబ్బరి పొట్టు. మూత్రం పీల్చేస్తుంది, కోనసీమలో దానికి కొదవా! గోడల పైభాగంలో జాలీలు వదిలాక అమ్మోనియా ఘాటు తగ్గింది. నీళ్లకు పాత కుడితి తొట్టే. ఇత్తడి గంగాళం అందంగా ఉంటుందన్నారు గానీ, రోజూ తోమేదెవరు?