కుటుంబ నియంత్రణ కోసం వచ్చినవాళ్లని వట్టి చేతులతో పంపకండి

ఆరోగ్య కేంద్రంలో ఈ సేవలు మొదలుపెట్టేటప్పుడు చాలామంది గది, రిజిస్టరు, పోస్టర్ల గురించే ఆలోచిస్తారు. అవి తర్వాత చూసుకోవచ్చు. వచ్చినావిడ అదే రోజు తనకు నచ్చిన పద్ధతి తీసుకుని వెళ్లగలదా అన్నది ముందు చూడండి. పని మానుకుని, ఇంట్లో ఏదో చెప్పుకుని వచ్చిన మనిషిని "నెలసరి వచ్చాక రండి" అని తిప్పి పంపితే మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. ఆ మాట అవసరం లేదు కూడా. నెలసరి మొదలై 7 రోజులు దాటలేదా, చివరి నెలసరి తర్వాత కలయిక జరగలేదా, కాన్పై 4 వారాల లోపేనా, 6 నెలల లోపు బిడ్డకు తన పాలు మాత్రమే ఇస్తూ ఇంకా నెలసరి రాలేదా అని అడగండి. ఒక్కదానికి అవునన్నా, గర్భం లక్షణాలేవీ లేకపోతే, గర్భం లేదనే అనుకోవచ్చు. ఇక తనకు సరిపడే పద్ధతి ఆ రోజే ఇచ్చేయొచ్చు. పాలిచ్చే తల్లికి మాత్రం కాన్పైన 6 నెలల లోపు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలు ఇవ్వకూడదు.

మీరు చెప్పడం కంటే ముందు ఆమెను అడగండి, పిల్లలు ఇక వద్దా, కొన్నాళ్లు ఆగాలా అని. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకుంటే నెలసరి తారుమారవుతుందని, కొందరికి పూర్తిగా ఆగిపోతుందని ముందే చెప్పండి, చెప్పకపోతే భయపడి మానేస్తారు. మూడు నెలల గడువు దాటి 4 వారాల లోపు వచ్చినా ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, కాబట్టి ఆలస్యమైందని కసురుకోవద్దు.

కాపర్-టీ 10 ఏళ్లు పనిచేసే రకమైనా, తీసేయమంటే ఆ రోజే తీసేయాలి. వేసేటప్పుడు ఎంతో ఓపిగ్గా ఉండి, తీయమన్నప్పుడు "ఇంకొన్నాళ్లు ఉంచుకోమ్మా" అని బతిమాలే కేంద్రాన్ని ఆడవాళ్లు నమ్మరు, ఆ సంగతి పక్కింటివాళ్లకీ చెప్తారు. సిబ్బందికి ఇన్ని కేసులు తేవాలని టార్గెట్లు పెడితే జరిగేది ఇదే. దయచేసి పెట్టకండి.

కాన్పయ్యాక 48 గంటల్లో కాపర్-టీ వేయొచ్చు, అయితే ఆ మాట నొప్పులు పడుతున్నప్పుడు కాదు, గర్భిణిగా చెకప్‌కి వచ్చినప్పుడే మాట్లాడాలి. బిడ్డకు టీకా వేయించడానికి వచ్చిన రోజు కూడా తల్లిని ఒక మాట అడగండి.

స్టాక్ అంటే మాత్రల పెట్టెలొక్కటే కాదు. కాపర్-టీ ఉండి, వేయడానికి శుభ్రం చేసిన పరికరాలు లేకపోతే అది లేనట్టే. నెలకి ఏది ఎంత వాడుతున్నారో రాసుకుని, అయిపోకముందే ఆర్డర్ పెట్టండి.

మీ దగ్గర ఆపరేషన్ జరగకపోతే "పెద్దాసుపత్రికి వెళ్లండి" అని వదిలేయకుండా ఏ రోజు, ఎవరిని కలవాలో కాగితం మీద రాసివ్వండి, అప్పటిదాకా వాడుకోవడానికి కండోమ్‌లో మాత్రలో చేతికివ్వండి. వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయినవాళ్లకైతే ఆ తర్వాత కూడా 3 నెలల పాటు కండోమ్‌లు కావాలి.