ఇటలీ సరస్సులో లాంచీ, కాలినడక – నాలుగో పాఠం: శనివారం పనిరోజే

పోయిన పాఠంలో హోంవర్క్ ఇచ్చా కదా, శనివారం పొద్దున కోమో సరస్సు తూర్పు ఒడ్డున వరెన్నాలో రైలు దిగి, లాంచీలో పడమటి ఒడ్డున ఉన్న లెన్నో వెళ్లి, కాస్త నడిచి, సాయంత్రం లాంచీలోనే వెనక్కి రమ్మని. వెళ్లినవాళ్లలో సగం మంది లెన్నో రేవులో కాళ్లు పీకేదాకా నిలబడ్డారంట. ఒకాయనైతే "మాస్టారూ, మీరు చెప్పిన లాంచీ అసలు లేనే లేదండీ" అని మెసేజ్ పెట్టాడు. ఉంది బాబూ, ఆదివారం ఉంది. ఇవాళ తూర్పు ఒడ్డు కొండదారి గురించి చెబుదామనుకున్నా, ఇక దాన్ని పక్కన పెట్టి ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

టికెట్ ఎలా కొనాలో చెప్పను, కౌంటర్లో ఊరి పేరు చెబితే ఇస్తారు. పేరు మాత్రం బెల్లాజో, మెనాజ్జో అనండి. బెల్లాగియో అన్నా ఇస్తారులే, కానీ వింటే నాకు ఒళ్లు మండుద్ది.

కోమో సరస్సులో తిరిగేవి మూడు రకాలు. బత్తెల్లో అంటే ఊరూరా ఆగుతూ పోయే మామూలు లాంచీ. రాపిదో అంటే స్పీడు బోటు, దానికి ఎక్కువ కట్టాలి, మామూలు టికెట్‌తో ఎక్కితే కుదరదు. త్రగెత్తో అంటే కార్లు ఎక్కే పంటు, గోదావరి మీద నర్సాపురం - సఖినేటిపల్లి పంటు ఎక్కినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మనుషులు కూడా ఎక్కొచ్చు, కాకపోతే సరస్సు నడిమధ్య వరెన్నా, బెల్లాజో, మెనాజ్జో, కదెనాబ్బియా మధ్యే తిరుగుద్ది. నాకు పంటే ఇష్టం, రెయిలింగ్ పట్టుకుని నిలబడితే గాలి బాగా తగుల్తుంది. ఇంకోటి, కోమో ఊరి నుంచి బెల్లాజోకి మామూలు లాంచీలో రెండు గంటలు, అదే వరెన్నా నుంచి పావుగంట. అందుకే మిలాన్ నుంచి వచ్చేవాళ్లని కోమో వద్దు, గంట పైచిలుకు రైల్లో కూర్చుని వరెన్నాలో దిగండి అని పోరుతుంటా.

ఇప్పుడు అసలు గొడవ. టైం టేబుల్లో రెండు మాటలుంటాయి, ఫెరియాలె, ఫెస్తీవో. మనవాళ్లు ఏం చేస్తారంటే డిక్షనరీలో ఫెరియె అంటే సెలవులు అని చూస్తారు, ఆహా, ఫెరియాలె అంటే సెలవు రోజన్నమాట అనుకుంటారు. సరిగ్గా తిరగబడింది. ఫెరియాలె అంటే పనిరోజు. లాటిన్‌లో ఫెరియా అంటే పండగే, తర్వాత చర్చివాళ్లు వారంలో మామూలు రోజుల్ని కూడా ఫెరియా అనే లెక్కపెట్టారు, మాట అలా తలకిందులైంది. ఆగస్టు 15 పండగ ఫెర్రాగోస్తో కూడా ఆ మాటలోంచి వచ్చిందే, అది మాత్రం సెలవే! ఇంకా చిరాకు ఏంటంటే శనివారం కూడా ఫెరియాలె కిందకే వస్తుంది. మీ ఆఫీసుకి సెలవైతే అది మీ అదృష్టం, లాంచీకి మాత్రం సోమవారం నుంచి శనివారం దాకా పనిరోజులే. ఫెస్తీవో అంటే ఆదివారాలు, పండగలు. ఏప్రిల్ 25, మే 1, జూన్ 2, ఆగస్టు 15, నవంబరు 1, ఈస్టర్ మర్నాటి సోమవారం, ఇవి ఏ వారం పడ్డా ఫెస్తీవోనే. రైలు టైం టేబుల్లో అయితే పనిరోజుకి అడ్డంగా పెట్టిన రెండు సుత్తుల బొమ్మ ఉంటుంది, పండక్కి శిలువ బొమ్మ, నేను ఆ సుత్తుల్నే గుర్తుపెట్టుకున్నా.

నేనేం పుట్టుకతో నేర్చుకోలేదు. మొదటేడు ఒక శనివారం అదే లెన్నో రేవులో, పులిహోర డబ్బా ఖాళీ చేసి, మెతుకులు బాతులకేస్తూ లాంచీ కోసం చూస్తున్నా. పక్కన గాలం వేసుకుని కూర్చున్న పెద్దాయన నన్ను కాసేపు చూసి, లేచొచ్చి, బోర్డు మీద గోరుతో టకటకా కొట్టి "ఓజ్జి ఎ ఫెరియాలె" అని మళ్లీ వెళ్లి గాలం పట్టుకున్నాడు. ఇవాళ పనిరోజు నాయనా అని. అంతే, ఆ గోరు చప్పుడు మర్చిపోలా.

లాంచీ పోతే ఏడవక్కర్లేదు. పడమటి ఒడ్డు రోడ్డు మీద సి10 బస్సు తిరుగుద్ది. లేదా నడవండి. కొలొన్నో నుంచి కదెనాబ్బియా దాకా గ్రీన్‌వే అని పది కిలోమీటర్ల దారి ఉంది, లెన్నో అందులో మధ్యలో వస్తుంది. మెజ్జేగ్రా, త్రెమెజ్జో, విల్లా కార్లొత్తా అనే తోట బంగళా గేటు దాటుకుంటూ కదెనాబ్బియా చేరితే అక్కడ పంటు దొరుకుద్ది. దారి తేలికే, గుర్తులున్నాయి. మధ్యాహ్నం దక్షిణం నుంచి బ్రేవా గాలి కొడుతుంది, టోపీ జాగ్రత్త.

అభ్యాసం. 2026లో ఏప్రిల్ 25 శనివారం, జూన్ 2 మంగళవారం, ఆగస్టు 15 మళ్లీ శనివారం. మూడింటికీ ఏ కాలమ్ చూడాలో రాయండి. తర్వాత ఆ తేదీలకి వర్తించే టైం టేబుల్ తీసి (సీజన్ మారితే టైం టేబుల్ మారుద్ది, ఫోన్లో నిరుడు దించుకున్నది పనికిరాదు) ఒక్కో రోజు లెన్నో నుంచి ఆఖరి లాంచీ, అది పోతే కదెనాబ్బియా నుంచి ఆఖరి పంటు, వరెన్నా నుంచి మిలాన్‌కి ఆఖరి రైలు, మూడూ వరసగా కాగితం మీద పెట్టండి. స్క్రీన్‌షాట్లు పంపితే చూడను.