కారు యాంప్లిఫయర్ సౌండ్ నీరసంగా వస్తుంటే ఏం చేయాలి?

యాంప్ పెట్టించాక కూడా పాటలో ఊపు లేకపోతే చాలామంది వెంటనే గెయిన్ నాబ్ తిప్పేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో పంపే సిగ్నల్‌కి తగ్గట్టు యాంప్‌ని సరిచేసుకునే సర్దుబాటు అది. లోపం ఇంకెక్కడో ఉండగా దీన్ని పెంచితే సౌండ్ పగిలిపోతుంది, అలాగే నడిపిస్తే స్పీకర్ కాయిల్ కాలిపోతుంది. యాంప్ చెడిపోయిందని తేల్చేముందు దానికి కరెంటు, సిగ్నల్ సరిగ్గా అందుతున్నాయో లేదో చూడాలి. ఒక మల్టీమీటర్, స్క్రూడ్రైవర్, గరుకు కాగితం, కొంత పొడవైన వైరు ఉంటే చాలు.

1. ముందు చెవితో వెతకండి

స్టీరియోలో బ్యాలెన్స్ (ఎడమ-కుడి), ఫేడర్ (ముందు-వెనక) అటూ ఇటూ తిప్పి వినండి. ఒక వైపే తగ్గితే ఆ వైపు వైరునో స్పీకర్‌నో అనుమానించాలి. బేస్ మాత్రమే పలచగా ఉంటే రెండో అడుగు చూడండి. తక్కువ వాల్యూమ్‌లో బాగుండి, పెంచగానే నీరసపడితే అది కరెంటు సమస్య కావచ్చు. మొదటి నుంచీ అంతా తక్కువే అయితే సిగ్నల్ వైపు చూడాలి. బ్లూటూత్‌లో వింటుంటే ఫోన్ వాల్యూమ్ కూడా పూర్తిగా పెంచి ఉందో లేదో చూసుకోండి.

2. బేస్ లేదా? ప్లస్, మైనస్ చూడండి

రెండు స్పీకర్లలో ఒకదానికి వైర్లు తారుమారైతే ఒకటి గాలిని ముందుకు తోసే క్షణంలో రెండోది వెనక్కి లాగుతుంది. దాంతో బేస్ చాలావరకు రద్దైపోతుంది. స్పీకర్ వైర్లను యాంప్ దగ్గర ఊడదీసి, ప్లస్ వైరుకి 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్, మైనస్‌కి మైనస్ ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి కదలాలి. లోపలికి పోతే వైర్లు తిరగబడ్డట్టే. చిన్న ట్వీటర్లకి (సన్నని ధ్వనులు పలికే స్పీకర్లకి) ఈ పరీక్ష వద్దు.

యాంప్ మీదున్న ఫిల్టర్ స్విచ్ కూడా చూడండి. బేస్ పలికే సబ్‌వూఫర్ ఛానెల్‌కి లో పాస్ (తక్కువ ఫ్రీక్వెన్సీలనే పోనిచ్చేది) ఉండాలి. పొరపాటున హై పాస్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలనే పోనిచ్చేది) 80 హెర్ట్జ్ దగ్గర ఉంటే, సబ్‌వూఫర్ పలకాల్సిన భాగాన్నే యాంప్ ఆపేస్తోందన్నమాట.

3. ఎర్త్: తీరిగ్గా చూడాల్సింది ఇదే

500 వాట్లు నిజంగా ఇచ్చే క్లాస్ డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్ గట్టిగా మోగేటప్పుడు 40 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఎర్త్ జాయింట్‌లో (యాంప్ మైనస్ వైరుని కారు బాడీకి బిగించిన చోట) 0.03 ఓమ్ నిరోధం ఉన్నా అక్కడే 1.2 వోల్టులు పోతాయి. మామూలు మల్టీమీటర్ ఓమ్ సెట్టింగ్‌లో అంత చిన్న నిరోధాన్ని నమ్మకంగా చూపించలేదు. ‘ఎర్త్ చెక్ చేశాను, బాగానే ఉంది’ అనుకుని మోసపోయేది ఇక్కడే. పాట మోగుతుండగా వోల్టులే కొలవాలి.

కారు ఆరుబయట ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్ నడపండి. బేస్ ఎక్కువున్న పాట గట్టిగా పెట్టి, మీటరు డీసీ వోల్టుల్లో ఉంచి బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలవండి. సాధారణంగా 13.5 నుంచి 14.4 వస్తుంది. తర్వాత యాంప్ కరెంటు టెర్మినళ్ల దగ్గర కొలవండి. బ్యాటరీ దగ్గర 14.2 ఉండి ఇక్కడ 12.6 వస్తే దారిలో 1.6 వోల్టులు పోతున్నాయి. అర వోల్టు దాటితే వదిలేయకూడదు.

ఎటు పోతున్నాయో తెలుసుకోవడానికి ఒక మీటరు కొసను యాంప్ ఎర్త్ టెర్మినల్‌కి, ఇంకో కొసను పొడవు వైరుతో బ్యాటరీ మైనస్‌కి పెట్టండి. అక్కడ 1.3 కనిపిస్తే దోషం ఎర్త్‌దే. మిగతా 0.3 ప్లస్ వైరు, ఫ్యూజ్ హోల్డర్లది. ఫ్యూజ్ హోల్డర్ వేడెక్కినా, నల్లబడినా మార్చేయండి.

ఎర్త్ సరిచేసేముందు బ్యాటరీ మైనస్ తీసేయాలి. బోల్టు విప్పి చూస్తే రింగు కింద పెయింటో, తుప్పో కనిపిస్తుంది. రింగు పట్టినంత మేర లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, చుట్టూ గ్రీజు రాయండి. సీటు బెల్టు బోల్టుని మాత్రం ఎప్పుడూ వాడకండి. ఎర్త్ వైరు ప్లస్ వైరంత లావుగా, వీలైనంత పొట్టిగా ఉండాలి. వైరు పోగుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తోందా? అది రాగి పూసిన అల్యూమినియం. అంతే లావున్న రాగి వైరు కన్నా దాని నిరోధం ఎక్కువ.

4. సిగ్నల్

ఫోన్‌ని ఆర్‌సీఏ కేబుల్‌తో (యాంప్‌కి సిగ్నల్ తెచ్చే కేబుల్) నేరుగా యాంప్‌కి కలిపి, వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. ఇప్పుడు సౌండ్ బలంగా వస్తే లోపం స్టీరియోలోనో, పాత కేబుల్‌లోనో ఉంది. కారుతో వచ్చిన స్టీరియో అయితే స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకుని ఉంటారు. అప్పుడు యాంప్ ఇన్‌పుట్ స్విచ్ అందుకు తగిన స్థానంలో ఉందో లేదో చూడాలి.

సబ్‌వూఫర్లు కలిపిన తీరు కూడా ముఖ్యమే. 4 ఓమ్‌లవి రెండు సిరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు అవుతాయి, యాంప్ పవర్ దాదాపు సగానికి పడిపోతుంది. పారలల్‌లో 2 ఓమ్‌లు అవుతాయి. యాంప్ అంత తక్కువకి తట్టుకుంటుందని దాని మాన్యువల్‌లో ఉంటేనే అలా కలపండి.

5. ఇప్పుడు గెయిన్

బేస్ బూస్ట్ సున్నా చేసి, గెయిన్ పూర్తిగా తగ్గించి, స్పీకర్లు ఊడదీయండి. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర పెట్టి టెస్ట్ టోన్ (ఒకే ఫ్రీక్వెన్సీలో ఆగకుండా మోగే శబ్దం) ప్లే చేయండి. సబ్‌వూఫర్‌కి 50 హెర్ట్జ్, మిగతా వాటికి 1000 హెర్ట్జ్. మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర చూస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. 100 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 20 వోల్టులు. యాంప్, స్పీకర్ ఆర్‌ఎంఎస్ పవర్లలో (ఆగకుండా ఇచ్చే, తట్టుకునే వాట్లు) ఏది తక్కువో అదే లెక్కలోకి తీసుకోండి.

ఆ వోల్టులు వచ్చినా, స్పీకర్లు కలిపాక సౌండ్ చాలట్లేదనిపిస్తే ఇంకా పెద్ద యాంప్ కొనడానికి తొందరపడకండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న (అవే వాట్లకి ఎక్కువ గట్టిగా పలికే) స్పీకర్లు కొంటే డబ్బుకి తగ్గ ఫలితం కనిపిస్తుంది. కరెంటు, సిగ్నల్ రెండూ సరిగ్గా ఉండి కూడా వోల్టులు అందుకోలేకపోతే అప్పుడు యాంప్‌ని రిపేర్‌కి ఇవ్వండి, మీరు కొలిచిన అంకెలన్నీ కాగితం మీద రాసి దానితోపాటే ఇవ్వండి.