ట్యాబ్‌కి రేడియో డాంగిల్ తగిలించి ఆకాశవాణి వినడం ఎలా

చాలా ట్యాబ్‌లలో ఎఫ్‌ఎం రేడియో ఉండదు. నెట్‌లో వినొచ్చు కదా అంటే వినొచ్చు, కానీ డేటా ఖర్చు లేకుండా గాలిలోంచి నేరుగా పట్టుకుని, ఆ సిగ్నల్‌ని స్క్రీన్ మీద చూస్తూ వినడంలో ఉన్న సరదా వేరు.

కొనాల్సింది ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే పెన్‌డ్రైవ్‌లా యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్. టీవీ కోసం చేసిన చిప్‌నే జనం రేడియోగా మార్చుకున్నారు. సుమారు 24 నుంచి 1,766 మెగాహెర్ట్జ్ దాకా అందుకుంటుంది. వినడానికే పనికొస్తుంది, పంపడానికి కాదు. దొరికితే వీ3 (మూడో వెర్షన్) రకం తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను. ఐప్యాడ్ వాళ్లకు ఇంత సులువుగా కుదరదు, ఇదంతా ఆండ్రాయిడ్ సంగతి.

ముందు మీ ట్యాబ్‌కి ఓటీజీ, అంటే యూఎస్‌బీ పరికరాలు తగిలించుకునే వీలు, ఉందో లేదో చూసుకోండి. పెన్‌డ్రైవ్ పెట్టి తెరుచుకుంటే చాలు. రేడియో వినడానికి ఒక యాప్ కావాలి. ఎస్‌డీఆర్ టచ్ యాప్ వాడేవాళ్లు, డాంగిల్‌ని నడిపించే డ్రైవర్ యాప్‌ని విడిగా వేసుకోవాలి. ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్ అనే ఇంకో యాప్‌లో అయితే డ్రైవర్ లోపలే ఉంటుంది. డాంగిల్ పెట్టగానే అనుమతి అడుగుతుంది, ఇచ్చేయండి. మోడ్ డబ్ల్యూఎఫ్‌ఎం (మామూలు ఎఫ్‌ఎం స్టేషన్లకు వాడేది), ఫ్రీక్వెన్సీ 101.7 మెగాహెర్ట్జ్ పెడితే అనంతపురం ఆకాశవాణి పలకాలి. కర్నూలు వాళ్లకైతే 102.4. మాట తెగుతూ వస్తుంటే శాంపిల్ రేటు (డాంగిల్ సెకనుకు ఎన్నిసార్లు సిగ్నల్‌ని కొలిచి పంపుతుందో ఆ లెక్క) తగ్గించండి, పాత ట్యాబ్‌లకి సెకనుకు 2.4 మిలియన్లు బరువైపోతుంది, 1.024 మిలియన్లు చాలు.

అందరూ తడబడేది గెయిన్ దగ్గర, అంటే డాంగిల్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్ దగ్గర. సిగ్నల్ సరిగా లేదనగానే గెయిన్ చివరిదాకా పెంచేస్తారు, దాంతో దగ్గరి స్టేషన్ డాంగిల్‌ని ముంచేసి, ఒకే పాట నాలుగు చోట్ల వినిపిస్తుంది, కొత్త స్టేషన్లు దొరికాయని మనం మురిసిపోతాం. ఆటో గెయిన్ తీసేసి, కింది నుంచి మెల్లగా పెంచుతూ రండి. గోల మాత్రమే పెరిగి సిగ్నల్ పెరగని చోట ఆపండి.

ఇక యాంటెన్నా. నన్నడిగితే యాప్‌ల గురించి కొట్టుకోవడం మానేసి సమయమంతా దీని మీద పెట్టాలి. కిట్‌లో వచ్చే రెండు కడ్డీలనీ చెరో 70 సెంటీమీటర్లు లాగితే ఎఫ్‌ఎంకి సరిగ్గా సరిపోతుంది. వాటిని ట్యాబ్ పక్కనే పెట్టొద్దు, స్క్రీన్, ఛార్జర్ రెండూ గోల చేస్తాయి. కేబుల్ పొడవు పెంచి కిటికీ దగ్గరికో, వీలైతే మిద్దె మీదికో తీసుకెళ్లండి. ఎఫ్‌ఎం దాదాపు చూపు మేర వెళ్లేదే కాబట్టి ఎత్తే బలం. కరెంటు తీగల దగ్గరికి పోవద్దు, ఉరుములు మొదలైతే యాంటెన్నా ఊడబీకి పక్కన పెట్టండి.

కడప ఆకాశవాణి మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్ పైన చెప్పిన 24 మెగాహెర్ట్జ్ కంటే చాలా కింద ఉంటుంది, దాన్ని పట్టాలంటే వీ3 కావాలి. అందులో డైరెక్ట్ శాంప్లింగ్ అని, ఈ కింది ఫ్రీక్వెన్సీల కోసం ట్యూనర్‌ని దాటేసి సిగ్నల్‌ని నేరుగా తీసుకునే పద్ధతి ఉంటుంది, యాప్ సెట్టింగ్‌లలో క్యూ బ్రాంచ్ ఎంచుకుని, మోడ్ ఏఎంకి మార్చండి. దాని తర్వాతి వెర్షన్ వీ4కి ఈ సెట్టింగ్ అక్కర్లేదు, కానీ దానికి తగిన కొత్త డ్రైవర్ ఉన్న యాప్ కావాలి. పొట్టి కడ్డీలు ఇక్కడ పెద్దగా పనిచేయవు, ఏడెనిమిది మీటర్ల మామూలు తీగ కట్టండి. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు మీడియం వేవ్‌ని గుర్రుమనిపిస్తాయి కాబట్టి వీధిలో కరెంటు పోయినప్పుడు విని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

డాంగిల్ తినే కరెంటు ట్యాబ్ బ్యాటరీ నుంచే పోతుంది, కాబట్టి ఛార్జ్ త్వరగా అయిపోతుంది. డాంగిల్ వేడెక్కడం మామూలే, కానీ మన ఎండాకాలంలో ఎండ తగిలేచోట పెట్టొద్దు. పోలీసు వైర్‌లెస్ లాంటి వాటి జోలికి అసలు పోకండి, ఇతరుల మాటలు దొంగచాటుగా వినడాన్ని చట్టం ఒప్పుకోదు.