కూలర్ కిందికి దించారా? నీళ్లు పోసే ముందు ఇవి చూడండి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఎండలు ముదురుతున్నాయి. అటక మీది కూలర్లు కిందికి దిగే రోజులివి.

నీళ్లు పోసేటప్పుడు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, వైరింగ్ తేడా ఉంటే ఆపిన స్విచ్ తర్వాత కూడా కరెంటు ఉంటుంది. ఎండాకాలం ఇలా నీళ్లు పోస్తూ షాక్ కొట్టి ప్రాణాలు పోతుంటాయి. తడి చేతులు, తడి నేల, ఇనుప బాడీ. పిల్లలకు ఈ పని అస్సలు చెప్పకండి.

మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. చాలా ఇళ్లలో పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్లో దూరుస్తారు. ఆ పిన్నే ఎర్త్, అది లేకపోతే లీకైన కరెంటు మన ఒంట్లోంచే నేలకు పోతుంది. ఇంటికి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. వీలైతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, కరెంటు లీకైతే క్షణంలో సప్లై ఆపేస్తుంది.

వైరు మొత్తం చేత్తో తడిమి చూడండి, ప్లగ్ పీకాకే. ఎలుకలు కొరికిన చోటు కంటికి ఆనదు.

తొట్టిలోంచి నీళ్లు ఎక్కించే పంపు మోటారును నీళ్లు లేకుండా తిప్పకండి, కాలిపోతుంది.

బోరు నీళ్లకు గడ్డి మీద తెల్లగా ఉప్పు పేరుకుని గట్టిపడితే మార్చేయండి, గాలి దూరదు.

వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, అంచులు రుద్ది ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు ఆ అంచులకే అతుక్కుంటాయి.

కిటికీ ఒకటి తెరిచే ఉంచండి. మూసిన గదిలో ఉక్క తప్ప చల్లదనం ఉండదు.