ఇరాక్‌లో తక్కువ ఖర్చు ప్రయాణం: పని ఎక్కడ ఆగుతుంది, ఎలా కదిలించాలి

ఇరాక్ వెళ్తానంటే ఇంట్లోవాళ్లు "నీకింకెక్కడా చోటు దొరకలేదా" అంటారు. వాళ్ల భయంలో తప్పేమీ లేదు. 2014లో మోసుల్‌లో ఐసిస్ ఎత్తుకెళ్లిన 39 మంది భారతీయ కార్మికులు బతికి లేరన్న సంగతి 2018లో గానీ బయటపడలేదు. అయితే అదే దేశానికి హైదరాబాద్ పాతబస్తీ నుంచి జియారత్ (పుణ్యస్థల దర్శనం) కోసం కర్బలా, నజఫ్ వెళ్లొస్తున్నవాళ్లూ ఉన్నారు. ఉత్తర ఇరాక్‌లోని కుర్దిస్తాన్ ప్రాంత రాజధాని ఎర్బిల్‌లో పని చేసుకుంటున్న నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్లూ ఉన్నారు. మన విదేశాంగ శాఖ వెళ్లొద్దని హెచ్చరిక పెట్టిన రోజుల్లో మాత్రం కింద రాసినదేదీ మీకు పనికిరాదు. ఆ హెచ్చరిక లేనప్పుడు, వెళ్లాలని తేల్చుకున్నవాళ్ల కోసమే ఇది.

తిండి, బస, బండి మూడూ అక్కడ చవకే. జేబు చిల్లుపడేది తొందరపడ్డప్పుడు. కింద చెప్పిన ఇబ్బందుల్లో చాలావాటికి మందు ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోవడమే.

శంషాబాద్‌లోనే ఆపేశారు

వీసా, టికెట్ అన్నీ ఉన్నా ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌లో పక్కకు నిలబెట్టారంటే ముందు పాస్‌పోర్ట్ చూసుకోండి. 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ఉందా? 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ఇలాంటి పాస్‌పోర్ట్‌తో ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు అనుమతి కావాల్సిన దేశాల్లో ఇరాక్ ఒకటి. విజిట్ వీసా మీద పంపి "అక్కడికెళ్లాక పని ఇప్పిస్తాం" అనే ఏజెంట్ల వల్ల ఎందరో మునిగారు కాబట్టి అధికారి అనుమానపడతాడు.

పదో తరగతి పాసైతే ఆ ముద్ర లేకుండా పాస్‌పోర్ట్ మళ్లీ తీసుకోవచ్చు. ప్రయాణానికి రెండు నెలల ముందే ఆ పని చేసుకోండి. అది కుదరకపోతే తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఇక్కడి ఉద్యోగం లేదా వ్యాపారం తాలూకు కాగితం చేతిలో ఉండాలి. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పండి. మిమ్మల్ని పంపుతున్నది నిజంగానే అలాంటి ఏజెంటైతే, అధికారి ఆపినందుకు కోపం తెచ్చుకోకుండా ఇంటికి వెళ్లిపోవడమే మంచిది.

ఎర్బిల్‌లో దిగాం, బాగ్దాద్ వైపు వెళ్లనివ్వడం లేదు

టికెట్ చవగ్గా దొరికిందని ఎర్బిల్‌కు కొంటారు. కుర్దిస్తాన్ వీసా ఆన్‌లైన్‌లో సులువుగా వచ్చేసింది కదా అనుకుంటారు. మోసుల్ దారిలో మొదటి చెక్‌పోస్ట్ దగ్గర కథ ఆగిపోతుంది. కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వం వేరు, బాగ్దాద్‌లోని ఫెడరల్ ప్రభుత్వం వేరు. ఎర్బిల్ ఇచ్చిన వీసా ఆ సరిహద్దు దాటదు. బాగ్దాద్, బాబిలోన్, బస్రా చూడాలనుకుంటే మొదటి నుంచీ ఫెడరల్ వీసాకే పెట్టుకోండి. విమానం ఖర్చులో మిగిలింది రెండో వీసాకు సరిపోదు.

వంద డాలర్ల నోటు వద్దంటున్నాడు

సమస్య మీ నోటుతోనే. మూలన చిన్న చిరుగు, పెన్ను గీత, బ్యాంకు ముద్ర, పాత సిరీస్ - వీటిలో ఏది కనబడినా వెనక్కి నెడతారు, లేదంటే విలువ తగ్గించి తీసుకుంటారు. ఇండియాలో డాలర్లు కొనేటప్పుడే ఒక్కో నోటూ వెలుతురుకు పట్టి చూసుకోండి. కొత్త నీలం గీత ఉన్న వందలే అడగండి. కౌంటర్ వెనకున్నాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మడతపడకుండా పుస్తకంలో పెట్టి తీసుకెళ్లండి.

రెండో తిరకాసు రేటు. 2023 ఫిబ్రవరి నుంచి అధికారిక రేటు డాలర్‌కు 1,300 దినార్ల చొప్పున ఉంది. బజారులో అంతకంటే ఎక్కువ వస్తుంది. ఏటీఎంలో మన కార్డు పెడితే అధికారిక లెక్కే పడుతుంది, పైన చార్జీలు అదనం. అందుకే నగదే మేలు. అయితే రోడ్డు మీద చేయి ఊపేవాడి దగ్గర కాకుండా బోర్డు పెట్టుకున్న మార్పిడి దుకాణంలో మార్చండి, శుక్రవారం వద్దు. కార్డును ఆఖరి ఆధారంగా విడిగా దాచుకోండి.

మూడోది మాట దగ్గర వస్తుంది. ట్యాక్సీవాలా 'ఖమ్సా' అన్నాడు, అంటే అయిదు. అయిదు దినార్లకు అక్కడ నోటే లేదు, చెలామణిలో చిన్న నోటు 250. మాటల్లో వేలు ఎగిరిపోతాయి, అయిదు అంటే అయిదు వేలు. 'వరఖా' అంటే కాగితం, కానీ బేరంలో వంద డాలర్లు. ఇది తెలియక మొదటి రోజు మొహమొహాలు చూసుకుంటారు. తెలిశాక అదే ముచ్చటగా ఉంటుంది.

షేర్ ట్యాక్సీ కదలట్లేదు

అక్కడి చవక ప్రయాణం అంతా గరాజ్‌ల నుంచి సాగుతుంది. గరాజ్ అంటే మెకానిక్ షెడ్డు కాదు, మన బస్టాండ్ లాంటిది. బాగ్దాద్‌లో అలావీ, నహ్దా రెండు పెద్దవి. వెళ్లే ఊరిని బట్టి గరాజ్ మారుతుంది కాబట్టి హోటల్‌వాడిని అడిగి బయల్దేరండి. తప్పు గరాజ్‌కు వెళ్తే ఊరు అడ్డంగా దాటాలి, బాగ్దాద్ ట్రాఫిక్‌లో అది గంట పని.

కారులో డ్రైవర్ కాక నలుగురు పడతారు, ముందు ఒకరు, వెనక ముగ్గురు. నిండితేనే కదులుతుంది. మీరు మధ్యాహ్నం రెండింటికి వెళ్లారనుకోండి, ఇద్దరే ఉంటారు. గంట గడుస్తుంది. అప్పుడు డ్రైవర్ మెల్లగా, ఖాళీ సీట్ల డబ్బులు కూడా మీరే ఇస్తే ఇప్పుడే పోదాం అంటాడు. ఎండకు అలిసిపోయి ఒప్పుకుంటారు. పొదుపు అక్కడికి సరి.

ఇందులో మోసమేమీ లేదు, జనం పొద్దున్నే కదులుతారు, అంతే. ఏడింటికల్లా గరాజ్‌లో ఉంటే పావుగంటలో బండి నిండుతుంది. ఎక్కేముందు 'నఫరాత్' అని గట్టిగా చెప్పండి, మనిషికింత లెక్కన అని అర్థం. మన హైదరాబాదీలకు 'నఫర్' ఎలాగూ తెలిసిన మాటే. అది చెప్పకపోతే మొత్తం కారు మీకే మాట్లాడుకున్నారని అనుకోవచ్చు. తోటి ప్రయాణికుడు ఎంతిస్తున్నాడో చూసి అంతే ఇవ్వండి. ఇంకా చవగ్గా కావాలంటే చిన్న వ్యాన్లున్నాయి, ఏ కంపెనీవైనా జనం వాటిని 'కియా' అనే పిలుస్తారు. బస్రా దాకా దాదాపు 550 కిలోమీటర్లు కారులో నలిగే ఓపిక లేకపోతే బాగ్దాద్ నుంచి రాత్రి రైలు పట్టండి. ఒక రాత్రి హోటల్ అద్దె కూడా మిగులుతుంది.

ఇమామ్ హుస్సేన్ స్మృతిలో షియాలు జరుపుకునే అర్బయీన్ రోజుల్లో ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. నజఫ్ నుంచి కర్బలాకు ఎనభై కిలోమీటర్ల దారి పొడుగునా లక్షలాది మంది నడుస్తుంటారు. బళ్లు దొరకవు, హోటల్ రేట్లు ఆకాశంలో ఉంటాయి. తమాషా ఏమిటంటే ఆ దారిలో నడిచేవాళ్లకు తిండి, పడక, చాయ్ అన్నీ ఉచితం. 'మవ్‌కిబ్' అనే గుడారాల్లో యాత్రికులను చేయి పట్టి లోపలికి లాగి మరీ పెడతారు. భక్తితో వెళ్లేవాళ్లకు అంతకంటే చవక యాత్ర లేదు. ఊరు చూద్దామని వెళ్లేవాళ్లు ఆ వారం తప్పించండి.

చెక్‌పోస్టులో నన్నొక్కడినే దింపారు

చెక్‌పోస్టును 'సైతరా' అంటారు. ఊరి నుంచి ఊరికి వెళ్లే దారిలో ఇవి చాలా వస్తాయి. విదేశీ పాస్‌పోర్ట్ కనబడితే సైనికుడు ఫొటో తీసి పైవాళ్లకు పంపుతాడు, జవాబు కోసం కూర్చోబెడతాడు. కారులో మిగతా ముగ్గురూ మీ వంక చూస్తుంటారు, డ్రైవర్ సిగరెట్ వెలిగిస్తాడు. అరగంట పట్టొచ్చు. సమర్రాలో ఇంకా పట్టింపు ఎక్కువ. అక్కడి పాత మసీదుకున్న 52 మీటర్ల మెలికల మీనార్ చూడాలంటే ఒక పూట చెక్‌పోస్టుకే రాసిపెట్టుకోండి.

పాస్‌పోర్ట్, వీసా జెరాక్స్‌లు పది సెట్లు తీసుకెళ్లండి. అడక్కముందే ఒక సెట్ ఇచ్చేస్తే సగం పని అయిపోయినట్టే. ఆ రాత్రి ఉండబోయే హోటల్ పేరు, ఫోన్ నంబరు అరబిక్‌లో రాయించుకుని జేబులో పెట్టుకోండి. అడిగితే 'సాయిహ్, హిందీ' అనండి. సాయిహ్ అంటే టూరిస్ట్, హిందీ అంటే భారతీయుడు. హిందీ అనగానే ఎవరో ఒకరు అమితాబ్ బచ్చన్ పేరెత్తుతారు. ఆ సినిమాలేవీ మీరు చూడకపోయినా ఆ ఒక్క నిమిషం చూసినవాళ్లలాగే తలూపండి. ఫోన్ మాత్రం బయటికి తీయకండి. చెక్‌పోస్ట్, సైనికులు, జెండాలు, వంతెనలు ఏవీ ఫొటో తీయొద్దు. పొరపాటున తీస్తే వాదించకుండా వాళ్ల ముందే డిలీట్ చేయండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేసి రండి. మసక పడ్డాక ఊళ్ల మధ్య ప్రయాణం పెట్టుకోకండి.

ఏసీ మాటిమాటికీ ఆగుతోంది

గది చవగ్గా వచ్చింది, రాత్రి పన్నెండుకు ఫ్యాన్ కూడా ఆగింది. ఇరాక్‌లో కరెంటు రెండు రకాలు. ప్రభుత్వం ఇచ్చేది 'వతనియ్యా', గంటల తరబడి పోతుంది. ఆ వేళల్లో వీధి జనరేటర్ 'మువల్లిదా' నుంచి ఆంపియర్ల లెక్కన కొనుక్కుంటారు. చిన్న హోటల్ తక్కువ ఆంపియర్లు కొంటే బల్బు వెలుగుతుంది, ఏసీ తిరగదు. డబ్బు కట్టేముందు ఒకే ప్రశ్న అడగండి: మువల్లిదా మీద ఏసీ నడుస్తుందా? నడవదంటే ఇంకో హోటల్ చూడండి. బస్రాలో 2016 జులైలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి చోట గది అద్దెలో పొదుపు చేసి ఆస్పత్రిలో కట్టడం తెలివైన పని కాదు. అసలు నవంబరు నుంచి మార్చి మధ్యలో వెళ్తే ఈ ప్రశ్నే రాదు.

పొద్దున్నే నెట్ చచ్చిపోయింది

సిమ్ తీసి మళ్లీ పెట్టారు, ఫోన్ ఆపి ఆన్ చేశారు, రాలేదు. మీ ఫోన్ బాగానే ఉంది. బోర్డు పరీక్షల రోజుల్లో పేపర్ లీక్ కాకుండా ప్రభుత్వం దేశమంతటా తెల్లవారి కొన్ని గంటలు ఇంటర్నెట్ ఆపేస్తుంది. మన ఇంటర్ బోర్డు చూసి నేర్చుకోకపోతే అదే పదివేలు. ఆఫ్‌లైన్ మ్యాప్, అరబిక్ అనువాదం ముందు రాత్రే డౌన్‌లోడ్ చేసుకోండి, గరాజ్ పేరు కాగితం మీద రాసుకోండి.

కడుపు తిరగబడింది

కుళాయి నీళ్లే కారణం అయ్యుండొచ్చు. 2018లో బస్రాలో నీళ్లు చెడి లక్షమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. సీసా నీళ్లే తాగండి, పళ్లు కూడా వాటితోనే తోముకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. జ్వరం, రక్తం కనబడితే ఆగొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

తిండి విషయంలో శాకాహారులకూ బెంగ అక్కర్లేదు. 'బిదూన్ లహమ్' అంటే మాంసం లేకుండా అని. వేడివేడిగా వేయించిన ఫలాఫిల్‌ను, అంటే శనగల వడను, సమూన్ రొట్టెలో పెట్టి, పైన 'అంబా' పోసి ఇస్తారు. అంబా అంటే మామిడికాయ పచ్చడే, బొంబాయి వర్తకంతో అక్కడికి చేరింది. ఆవకాయ ఘాటు దానికి లేదు, మెంతి, పసుపు వాసన ఉంటుంది. రెండు రోజులైతే అలవాటైపోతుంది.

విమానం రద్దయింది

రెండు కారణాలు. ఒకటి దుమ్ము. 2022 వసంతంలో వరసగా వచ్చిన ఇసుక తుపాన్లకు విమానాశ్రయాలు మూతపడ్డాయి, వేలమంది ఊపిరాడక ఆస్పత్రులకు వెళ్లారు. అలాంటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకుని గదిలో కూర్చోవాలి, వేరే మార్గం లేదు. రెండోది యుద్ధం. 2025 జూన్ 13న ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడి మొదలుపెట్టగానే ఇరాక్ తన గగనతలాన్ని మూసేసింది. యుద్ధం పక్కదేశంలో, ఇరుక్కుపోయింది ఇరాక్‌లోని ప్రయాణికులు.

దీనికి మందు ఇంటి దగ్గరే వేసుకోవాలి. దుబాయ్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకొకటి విడివిడిగా కొంటే చవకే, కానీ మొదటిది రద్దయితే రెండోదాని డబ్బు గాల్లో కలిసినట్టే. ఈ ఒక్కచోట ఎక్కువ పెట్టి ఒకే టికెట్ మీద కొనండి. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందే విమానాశ్రయం ఉన్న ఊరికి చేరండి. రోడ్డు దారి గురించి కూడా ముందే ఆలోచించాలి. తుర్కియే, కువైట్ సరిహద్దుల దగ్గరికి వెళ్లి నిలబడితే మనకు వీసా చేతికిచ్చేవాళ్లు ఉండరు. బాగ్దాద్‌లో మన రాయబార కార్యాలయం, ఎర్బిల్‌లో కాన్సులేట్ ఉన్నాయి. దిగిన రోజే వివరాలు పంపండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో యుద్ధం మినహాయింపుల జాబితాలో ఉంటుంది, ఆ పేజీ చదివాకే డబ్బు కట్టండి. వీటన్నిటికీ పైన, వారం రోజులకు సరిపడా డాలర్లు ఎవరికీ చెప్పకుండా విడిగా ఉండాలి. ఎంత బేరం కుదిరినా ఆ కట్ట విప్పకూడదు.

బ్యాగులో పెంకు దొరికింది

ఉర్, ఎరిదు లాంటి ప్రాచీన నగరాల దిబ్బల మీద నడుస్తుంటే కాళ్ల కింద కుండపెంకులు గలగలమంటాయి. వేల ఏళ్లనాటివి, ఎవరూ పట్టించుకోనట్టే పడి ఉంటాయి. ఒకటి జేబులో వేసుకుందామనిపిస్తుంది. 2022లో ఎరిదులో అలా పెంకులు ఏరుకున్న ఒక బ్రిటిష్ పెద్దాయనకు, రిటైరైన జియాలజిస్టుకు, బాగ్దాద్ కోర్టు పదిహేనేళ్ల జైలు వేసింది. తర్వాత పైకోర్టు కొట్టేసింది గానీ ఈలోగా ఆయన జైల్లోనే ఉన్నాడు. గైడ్ ఇచ్చినా, పిల్లలు చేతిలో పెట్టినా కింద పెట్టేయండి. మోసుల్ పాత నగరం శిథిలాల్లో అయితే నేల మీద ఏదీ ముట్టుకోవద్దు, జనం నడిచిన దారి దాటొద్దు. పేలని బాంబులు ఇంకా ఉన్నాయి.

దినార్లు మిగిలిపోయాయి

ఇండియాలో వీటిని మార్చేవాళ్లు దొరకడం కష్టం. 'దినార్ విలువ ఒక్కసారిగా పెరుగుతుంది, దాచుకోండి' అని చెప్పేవాళ్లు ఏళ్లుగా ఉన్నారు, వాళ్ల మాట వినకండి. పెద్ద నోట్లను ఊళ్లోనే తిరిగి డాలర్లుగా మార్చేయండి. చిల్లర మిగిలితే ఖర్జూరాలు, ఏలకుల వాసన వేసే 'మన్ అల్ సమా' మిఠాయి పెట్టె కొనుక్కోండి. అంబా సీసా కొంటే మూత చుట్టూ టేపు వేసి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. ఒలికిందంటే ఆ పసుపు మరక ఏ సబ్బుకూ వదలదు.