కాలేజీలో మనసు బాగాలేనప్పుడు సాయం ఎలా అడగాలి?

సాయం అవసరమని తెలిసి కూడా చాలామంది విద్యార్థులు ఒకే చోట ఆగిపోతారు. ఎవరి దగ్గరికి వెళ్లాలి? వెళ్లాక మొదటి మాటగా ఏం చెప్పాలి? ఈ రెండింటికీ జవాబు దొరక్క వారాలు, ఒక్కోసారి సెమిస్టర్లే గడిచిపోతాయి. ఆ ఆలస్యం తగ్గించడానికే ఈ వ్యాసం.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది ఒకటి ఉంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, మిమ్మల్ని మీరు గాయపరచుకుంటారేమోనని భయంగా ఉన్నా మిగతాది తర్వాత చదవవచ్చు, ఇప్పుడే ఫోను చేయండి. భారతదేశంలో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అమెరికా, కెనడాలలో 988కి ఫోను చేయవచ్చు, మెసేజ్ కూడా పంపవచ్చు. బ్రిటన్, ఐర్లండ్‌లలో సమారిటన్స్ సంస్థ నంబరు 116 123, ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ నంబరు 13 11 14. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే అంబులెన్సును పిలవండి, లేదా దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఆ సమయంలో ఒంటరిగా ఉండవద్దు. పక్క గదిలో ఎవరున్నా సరే, వెళ్లి తలుపు కొట్టండి.

ఈ రోజు మీకు ఆ అవసరం లేకపోయినా, మీరుండే దేశపు నంబరును ఫోనులో దాచుకోండి. నిజంగా కావలసిన రాత్రి దాన్ని వెతుక్కునే ఓపిక ఉండదు.

మొదట కాగితం మీద పెట్టండి

పరీక్షల ముందు దిగులు, ఇల్లు విడిచి వచ్చిన కొత్తలో బెంగ, దగ్గరివారు దూరమైన బాధ ఎవరికైనా ఉంటాయి. చాలావరకు రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయి. అలా తగ్గకుండా దాదాపు ప్రతిరోజూ మనసు కుంగిపోయి ఉండడం, ఇదివరకు ఇష్టపడినవేవీ ఇప్పుడు పట్టకపోవడం రెండు వారాలుగా సాగుతుంటే ఇక ఆగవద్దు. డిప్రెషన్‌ను నిర్ధారించేటప్పుడు డాక్టర్లు చూసే గడువు కూడా అదే. అలాగని రెండు వారాలు నిండేదాకా వేచి ఉండాలన్న నియమమేమీ లేదు. 'నాకంటే కష్టంలో ఉన్నవాళ్లు ఎంతోమంది, వాళ్ల సమయం నేనెందుకు తీసుకోవాలి' అని వెనకాడుతుంటే, దయచేసి ఆ ఆలోచన పక్కన పెట్టండి. కౌన్సెలింగ్ కేంద్రం ఉన్నది బాగా కుంగిపోయినవారి కోసం మాత్రమే కాదు.

మీది మామూలు దిగులో డిప్రెషనో తెలియక తికమకగా ఉంటే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి పనికొస్తుంది. 2001లో వెలువడిన దీన్ని ఇప్పటికీ డాక్టర్లు వాడుతున్నారు. గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు ఉంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తప్పకుండా డాక్టరునో కౌన్సెలర్‌నో కలవాలి. తొమ్మిదో ప్రశ్న చావు, స్వీయహాని ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప వేరే జవాబు వచ్చిందంటే, మొత్తం మార్కులు ఎన్నయినా సరే, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడండి. ఆందోళన విషయంలో ఇలాంటిదే 7 ప్రశ్నల జీఏడీ-7. ఇవి జబ్బును నిర్ధారించవు, డాక్టరుతో మాట మొదలుపెట్టడానికి ఒక ఆధారం ఇస్తాయి, అంతే.

మార్కుల కంటే మీ మాటల్లో రాసుకున్న నాలుగు వాక్యాలు ఇంకా బాగా ఉపయోగపడతాయి. ఉదాహరణకు ఇలా:

"మూడు వారాలుగా తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టడం లేదు. ఉదయం క్లాసులు సగానికి పైగా మానేశాను. పుస్తకం తెరిస్తే ఒకే పేరా పదిసార్లు చదువుతున్నాను. స్నేహితుల ఫోన్లు తీయడం లేదు."

ఇందులో జబ్బు పేరు ఎక్కడా లేదు, ఉండనక్కర్లేదు. నిద్ర, ఆకలి, క్లాసులు, మనుషులతో మాటలు ఎలా మారాయో, ఎప్పటినుంచి మారాయో తెలిస్తే చాలు, వినేవారికి దారి దొరుకుతుంది.

ఎవరి దగ్గరికి?

మీ కాలేజీలో కౌన్సెలింగ్ కేంద్రం ఉంటే అక్కడినుంచే మొదలుపెట్టండి. చాలా కాలేజీల్లో అది విద్యార్థులకు ఉచితం. లేకపోతే కాలేజీ వైద్యశాలలోని మామూలు డాక్టరైనా మంచి ఆరంభమే. నిజానికి ఒకసారి డాక్టరును కలవడం ఎలాగూ మంచిది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 విటమిన్ కొరత కూడా మనిషిని అచ్చం డిప్రెషన్‌లాగే నీరసపరుస్తాయి. రక్తపరీక్షతో అది తేలిపోతుంది.

ఎవరేం చేస్తారో తెలియక తప్పు చోటికి వెళ్తామేమోనన్న జంకు వద్దు. కౌన్సెలర్లు, సైకాలజిస్టులు మాటల ద్వారా చికిత్స చేస్తారు. మందులు అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు. సరైన చోటికి పంపడం వారి పని, దాన్ని మీరు ముందే తేల్చుకుని వెళ్లనక్కర్లేదు.

అందరినీ వేధించే భయం ఒకటుంది: ఇంట్లో తెలుస్తుందా, హెచ్‌ఓడీకి చెబుతారా? మీకు 18 ఏళ్లు నిండి ఉంటే, మీరు చెప్పినవాటిని మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదన్నది ఈ వృత్తిలో మూలసూత్రం. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినప్పుడు, కోర్టు ఆదేశం వంటివి ఉన్నప్పుడు మాత్రం మినహాయింపు ఉంటుంది. 18 లోపువారికి నియమాలు వేరుగా ఉండవచ్చు. ఏదేమైనా మొదటి రోజే అడగండి: "నేను చెప్పింది ఎవరెవరికి తెలుస్తుంది? మీరు రాసుకునేది నా కాలేజీ రికార్డులో చేరుతుందా?" ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. మంచి కౌన్సెలర్ ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తారు.

మొదటి వాక్యం

అపాయింట్‌మెంట్ కోసం కథంతా చెప్పనక్కర్లేదు. "నేను రెండో సంవత్సరం విద్యార్థిని. కొన్ని వారాలుగా మనసు బాగాలేదు, కౌన్సెలర్‌తో మాట్లాడాలి. దగ్గరలో ఖాళీ ఎప్పుడుంది?" ఇంతే. నోటితో చెప్పలేకపోతే మెయిలు రాయండి. లోపలికి వెళ్లాక గొంతు పెగలకపోతే ఇందాక రాసుకున్న కాగితం తీసి చేతికివ్వండి. ఏడుపు వస్తే రానివ్వండి, ఆ గదిలో అది కొత్త కాదు.

మొదటి భేటీలో ఎక్కువగా ప్రశ్నలే ఉంటాయి. నిద్ర, ఇల్లు, చదువు, మద్యం లేదా మత్తుపదార్థాల అలవాటు, ఇదివరకటి చికిత్స గురించి అడుగుతారు. చావు ఆలోచనల గురించి కూడా నేరుగా అడుగుతారు. నిజం చెప్పండి. బయటికి వచ్చాక తేలిక పడకపోగా అలసటగా అనిపించవచ్చు. అందుకని ఆ రోజు పరీక్షో ప్రెజెంటేషనో లేకుండా చూసుకోండి.

కౌన్సెలర్‌తో మీకు కుదరకపోతే, మూడు నాలుగు భేటీల తర్వాత కూడా వినిపించుకోవడం లేదనిపిస్తే, మరొకరిని అడగండి. ఒకరితో కుదరలేదంటే చికిత్సే పనిచేయదని అర్థం కాదు. ఈ ఒక్క కారణంతో పూర్తిగా మానేసేవారిని తలచుకుంటే బాధగా ఉంటుంది.

నెల తర్వాత రమ్మంటే

చాలాచోట్ల కౌన్సెలర్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ. ఆ తేదీని వదులుకోకుండా ఖాయం చేసుకుని, ఆపైన మూడు ప్రశ్నలు వేయండి: ఎవరైనా రద్దు చేసుకుంటే నన్ను పిలుస్తారా? గ్రూపు కౌన్సెలింగ్ ఉందా? ఈలోగా తట్టుకోలేకపోతే ఎవరికి ఫోను చేయాలి? ఈ మధ్యలో హెల్ప్‌లైన్‌తో మాట్లాడవచ్చు. ఆత్మహత్య ఆలోచన ఉంటేనే వాటికి ఫోను చేయాలన్నది అపోహ.

చదువు సంగతి

అసైన్‌మెంట్లు పేరుకుపోవడం దిగులును రెట్టింపు చేస్తుంది. గడువు దాటాక క్షమాపణ చెప్పడం కంటే దాటకముందే అడగడం తేలిక. అధ్యాపకులకు జబ్బు వివరాలు ఇవ్వనక్కర్లేదు:

"నమస్కారం. ఆరోగ్య కారణాల వల్ల ఈ వారం అసైన్‌మెంటు సమయానికి పూర్తి చేయలేకపోతున్నాను. చికిత్స తీసుకుంటున్నాను. వచ్చే శుక్రవారం దాకా గడువు ఇవ్వగలరా? అవసరమైతే డాక్టరు ధ్రువపత్రం జతచేస్తాను."

పరిస్థితి ఇంకా కష్టంగా ఉంటే కొన్ని సబ్జెక్టులు వాయిదా వేసుకోవచ్చా, వైద్య కారణాలతో సెలవు దొరుకుతుందా అని విద్యార్థి వ్యవహారాల కార్యాలయంలో అడగండి. స్కాలర్‌షిప్పు ఉన్నవారు, వీసాపై చదివేవారు ఒక్క సబ్జెక్టు మానేసే ముందు కూడా దాని ప్రభావం తెలుసుకోవాలి.

స్నేహితుడి గురించి భయంగా ఉంటే

నేరుగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. పరిశోధనలు ఆ భయం నిజం కాదని చెబుతున్నాయి. అవునంటే వెంట ఉండండి, హెల్ప్‌లైన్‌కు కలిసి ఫోను చేయండి, వార్డెన్‌కో కౌన్సెలర్‌కో చెప్పండి. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటే వేయకండి. ఆ భారం మీరొక్కరే మోయలేరు.

మందులు రాస్తే

డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో ఏమీ తెలియలేదని మానేయవద్దు, కాస్త బాగున్నాక కూడా డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపవద్దు. 25 ఏళ్ల లోపువారిలో కొద్దిమందికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. అలా అనిపించినా, విపరీతమైన అలజడి కలిగినా వెంటనే డాక్టరుకు చెప్పండి. మీ గదిలో ఉండేవారిలో నమ్మకమైన ఒకరికి కూడా ఈ సంగతి తెలిసి ఉంటే మంచిది.

సెలవులకు ఊరు వెళ్లే ముందు మందులు ఎన్ని రోజులకు ఉన్నాయో లెక్క చూసుకోండి, చీటీ ఫొటో తీసి ఉంచుకోండి. సెలవుల్లో కౌన్సెలింగ్ కేంద్రం మూసి ఉంటుందేమో, ఫోనులో మాట్లాడే వీలుందేమో అడిగి, తిరిగి వచ్చాక మొదటి వారంలోనే తర్వాతి భేటీ తేదీ ఖాయం చేసుకుని బయల్దేరండి.